మూడు పిలుపులంత సేపు

వైశాఖం, మంగళవారం. కోళ్లబజారు. తుడిచాను.

మరక తుడిచిన ప్రతిసారీ ఎందుకు తుడిచామో ఈ గడిలో రాయాలి. నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన అన్ని గడుల్లోనూ 'అనవసరం' అన్న ఒక్క మాట నింపి రిటైరైపోయాడు. వీటిని ఎవరూ చదవరని ఆఫీసులో అందరికీ తెలుసు. నాకు మాత్రం ఖాళీ గడి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

కోళ్లబజారు దగ్గర బండ్లు కారణం లేకుండా నెమ్మదిస్తున్నాయని ఫిర్యాదు. కారణం లేకుండా అన్నది ఆఫీసు మాట. కిందటి వారం అక్కడ ఎవరిదో కోళ్లగంప దొర్లి కోళ్లన్నీ పెద్దరోడ్డు మీది బండ్ల ధారలో పడ్డాయి. బండ్లు ఆగాయి. అప్పట్నుంచి ఆ చోటికి రాగానే ముందుబండి కాస్త జంకుతుంది, దాన్ని చూసి వెనకది, దాన్ని చూసి ఇంకోటి. ఒక బండికి పట్టిన భయం రెండు మూడు రోజుల్లో ఊళ్లో బండ్లన్నిటికీ పాకుతుంది. అది నా తెర మీద పచ్చమరకలా తేలుతుంది. వేలితో తుడిచేస్తే బండ్లు ఆ సంగతి మర్చిపోతాయి. నా ఉద్యోగం అదే.

డ్రైవర్లు లేని ఈ బండ్లని ఊళ్లో గుడ్డిబండ్లు అంటారు. నిజానికి వాటికి ఒంటినిండా కళ్లే. మనిషి అడ్డమొస్తే చచ్చినా గుద్దవు, ఆ మాట ఒప్పుకోవాలి. పెద్దరోడ్డుని ధార చేసినప్పట్నుంచి రోడ్డు మీద ఒక్క ప్రాణం కూడా పోలేదని మా ఆఫీసు గుమ్మం మీద పెద్ద సున్నాతో బోర్డు ఉంది. ధారలో అడుగుపెట్టే మనిషే లేకపోతే పోయే ప్రాణం ఎక్కడిదని నేను పైకి అనను. జీతం తీసుకుంటున్నదాన్ని.

కోళ్లబజారు మరక తుడిచాను. కోళ్లదే బాధ్యత.


వైశాఖం, శుక్రవారం. గానుగవీధి మలుపు. తుడవలేదు, పై వారానికి పెట్టాను.

ఇది మా వీధే. మరక ఎవరిదో కూడా నాకు తెలుసు. మా అప్ప పైడమ్మది.

అప్ప అంటే నాకంటే పెద్దది, ఒక్కతే అక్క. నేను వాళ్లింట్లోనే పైగదిలో ఉంటాను. తెల్లారకుండానే లేచి పెద్దాసుపత్రి రోగులకి వంట చేస్తుంది. క్యారేజీలు సైకిలుకి ముందూ వెనకా తగిలించుకుని బయల్దేరుతుంది. ఆసుపత్రి ధారకి అవతల. మా ఇంటి అరుగు మీద నిలబడితే దాని కిటికీలు కనిపిస్తాయి. వెళ్లడానికి మాత్రం కాలిబాట వంతెన ఒక్కటే దారి. దానికి రెండంతస్తుల మెట్లు, పని చెయ్యని లిఫ్టు. బండి పిలిపించుకుంటే అది ఊరంతా చుట్టి అవతల దింపేసరికి అన్నం చల్లారిపోతుంది.

ధారలోకి దిగి దాటేయొచ్చు కదా అంటే, దిగొచ్చు. బండ్లు ఆగుతాయి. కానీ ఆపినవాళ్ల వీధికి నెలరోజులు గుడ్డిబండి రాదు. నీళ్లబండీ రాదు, అంబులెన్సూ రాదు. ఒకడు దిగితే వీధివీధంతా అనుభవిస్తుంది. అందుకే ఎవరూ దిగరు, దిగబోయినవాణ్ణి పక్కింటివాళ్లే చొక్కా పట్టుకుని లాగుతారు.

అప్ప దిగలేదు. రోజూ అంచున నిలబడింది, అంతే. ఒక కాలు పెడల్ మీద, ఒక కాలు నేల మీద. ఇప్పుడు దిగుతుంది, ఇదిగో దిగుతుంది అని బండ్లు రోజూ జంకాయి. జంకి జంకి అదే అలవాటైంది. ఆ మలుపు దగ్గర సరిగ్గా ఒక సైకిలు పట్టేంత సందు పడటం మొదలైంది. అప్ప ఆ సందులోంచి ఒక్క బండినీ ఆపకుండా జారుకుని అవతలికి పోతోంది. ఆమె వెనకే ఇంకొందరు సైకిళ్లవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లు.

మధ్యాహ్నం అన్నం దగ్గర అడిగాను.

"అప్పా, నీ మరక నా తెర మీదికి వచ్చింది."

"నా మరకేటే? రోజూ తానం చేస్తన్నానే" అని నవ్వింది.

"నవ్వకు. ఆ సందు తుడిచెయ్యమంటారు. నువ్వు వంతెన ఎక్కాలి."

"లిఫ్టు ఎప్పుడు పనిచేసిందే? క్యారేజీలు మొయ్యాల, సైకిలు మొయ్యాల. నువ్వొచ్చి మోస్తావేటి?"

"తుడవమంటే తుడవాల్సిందే కదా."

"తుడుచుకో మరి. ఎవరి పని ఆళ్లు చేసుకోవాల." నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. "తిను. ఎండకి బెల్లంపాకంలా కరిగిపోతన్నావు."


జ్యేష్ఠం, సోమవారం. గానుగవీధి మలుపు. తుడిచాను.

ఆఫీసరు దివాకర్ గారు నా కుర్చీ వెనక వచ్చి నిలబడ్డారు. ఆయన గట్టిగా మాట్లాడరు. అదే ఇబ్బంది.

"హైమావతి గారూ, ఈ మలుపు మీ వీధి కదా?"

"అవునండీ."

"అందుకని ఉంచేశారా?"

"లేదండీ. పని ఎక్కువై."

"ఈ ఒక్క సందు వల్ల వెనక ఎంత దూరం బండ్లు నెమ్మదిస్తున్నాయో చూశారా? మీరు నమ్మకమైన మనిషని ఈ సీటు ఇచ్చాం."

ఆయన చూస్తుండగానే వేలితో తుడిచాను. పచ్చరంగు పోయింది, ధార మళ్లీ చక్కగా నల్లగా పారింది. ఆయన థాంక్స్ చెప్పి వెళ్లిపోయారు.

మిగతాది మర్నాడు రాస్తున్నాను. సాయంత్రం ఇంటికి వెళ్తే అప్ప అరుగు మీద కూర్చుని మోకాళ్లకి కొబ్బరినూనె రాసుకుంటోంది. తిడుతుందనుకున్నాను.

"ఏటే, నీ బండ్లు నన్ను మర్చిపోనాయి" అంది. అని నవ్వింది. తిట్టినా బాగుండేది.


ఆషాఢం, గురువారం. ఏ మరకా తుడవలేదు. మైల పోయి ఈరోజే డ్యూటీకి వచ్చాను.

జరిగింది రాస్తాను. ఈ గడి దీని కోసం కాదని తెలుసు.

జ్యేష్ఠం ఎండలో, పట్టపగలు, అప్ప వంతెన మెట్ల మీద కూలిపోయింది. పైమెట్టుకి ఇంకా కొంచెమే ఉంది. సైకిలు భుజాన వేసుకుని ఎక్కుతోంది. క్యారేజీలు దొర్లుకుంటూ కింద మెట్టుదాకా వచ్చాయి. చూసినవాళ్లు ముందు సాంబారు చూసి, తర్వాత మనిషిని చూశారు. అక్కణ్ణుంచి ఆసుపత్రి కిటికీల్లో తెరలు కూడా కనిపిస్తాయి. వాళ్లు మోసుకుని దింపేసరికి అయిపోయింది. ఆఫీసు బోర్డు మీద సున్నా అలాగే ఉంది. మెట్లు రోడ్డు లెక్కలోకి రావట.

నేను తుడిచిన వేలు ఇదే. ఇప్పుడు కూడా దీనితోనే రాస్తున్నాను.

మర్నాడు పొద్దున్న శవబండి దానంతటదే వచ్చి వాకిట్లో తలుపు తెరుచుకుని నిలబడింది. ఈ మధ్య అందరూ అందులోనే పంపుతున్నారు. తలుపు మూసుకుంటే ధార అవతలి శ్మశానం దాకా ఆగదు. మధ్యలో దింపి పిలిచే పద్ధతి ఎప్పుడో పోయింది. కొందరు తలుపు మూసేముందు గుమ్మంలోనే గబగబా మూడుసార్లు పిలిచేసి అయిందనిపిస్తున్నారు.

బావ సింహాద్రి దర్జీ. మిషను మాట్లాడినంత కూడా మాట్లాడని మనిషి. ఆయన బండి తలుపు చూసి అడ్డంగా నిలబడ్డాడు.

"దీన్ని దీన్లో ఎక్కించను. పాడె మీదే తీసుకెల్తాను."

"వంతెన మీద పాడె తిరగదురా" అన్నాడు అప్పలస్వామి తాత. మా వీధిలో ఎవరింట చావైనా ముందుండి నడిపించేది ఆయనే.

"వంతెనెవడెక్కుతాడు? దాని మీదే సచ్చింది. ధారలోంచి తీసుకెల్తాను."

నెలరోజుల శిక్ష అందరికీ తెలుసు. తాత చుట్టూ చూశాడు.

"సగం దారిలో దింపాల, పిలవాల. ఆ సగం దారి ఎక్కడో మీకెవలికైనా గుర్తుందేటి? ఆ మలుపే. మా తాతనీ అక్కడే దింపినారు. కానీ దిగితే వీధికి బండ్లుండవు. ముసలోలున్నారు, పిల్లలున్నారు. వద్దన్నోల్లు ఇప్పుడే చెప్పండి, తప్పేటీ లేదు."

అందరి కళ్లూ ఎదురింటి సన్యాసమ్మ మీదికి వెళ్లాయి. ఆమె కోడలు రోహిణికి నెలలు నిండొస్తున్నాయి. వద్దనే హక్కు ఎవరికైనా ఉంటే ఆమెకే ఉంది. సన్యాసమ్మ పాడె మీదున్న పసుపు ముఖాన్ని చూసింది.

"నా కోడలికి వేవిళ్లప్పుడు ఏదీ ఇమిడేది కాదు. రోజూ ఓ గిన్నె చారు తెచ్చి పెట్టి పోయేది" అంది. "ఎత్తండి. మా బాధ మేం పడతాం."

డప్పులు మోగాయి. మా వైపు ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు, దింపుడు కళ్లం దాకానే. కాబట్టి నేనూ మలుపు దాకా నడిచాను. బావ ముందు ధారలో కాలు పెట్టాడు. గుడ్డిబండ్లు ఆగాయి. ఒకటి, దాని వెనక ఇంకోటి, అలా కంటికి ఆనినంత మేరా. పేలాలూ బంతిరేకులూ వాటి మీద పడ్డాయి.

నడిరోడ్డు మీద పాడె దింపారు. డప్పులు ఆపారు. అప్పుడు తెలిసింది, నేను పుట్టి బుద్ధెరిగాక ఆ మలుపు దగ్గర బండ్ల రొద లేని క్షణం ఎప్పుడూ చూడలేదని. ఆసుపత్రి వైపు ఎవరో దగ్గడం కూడా వినిపించింది. ముందు బావ వంగి పిలిచాడు. తర్వాత నేను మోకాళ్ల మీద కూర్చుని ఆమె చెవి దగ్గర నోరు పెట్టాను.

"అప్పా."

పిలిచాక ఆగాలి. జవాబు వస్తుందేమోనని ఆగాలి. ఆగాను.

"అప్పా."

ఆగాను. బండ్లూ ఆగాయి.

"అప్పా, హైమనే."

రాలేదు. తాత నా భుజం పట్టి లేపాడు. మోసేవాళ్లు ముందువాళ్లు వెనక్కీ వెనకవాళ్లు ముందుకీ మారి పాడె ఎత్తుకున్నారు. నేను ఇవతలి అంచుకి వచ్చేశాను. ఆఖరి మనిషి అవతల కాలు పెట్టాకగానీ బండ్లు కదల్లేదు. తర్వాత ఏమీ జరగనట్టే పారాయి.

సాయంత్రానికల్లా బండ్లు లోపలికి రాకుండా వీధి మొగలో గేటు దించేశారు.


ఆషాఢం, శనివారం. గానుగవీధి మలుపు. తుడవలేదు.

నేను లేనన్నాళ్లూ ఈ సీటు ఖాళీగానే ఉంది, గురువారం నేనూ తెర తెరవలేదు. ఈరోజు పొద్దున్న తెరవగానే కనిపించింది. ఇంత పెద్ద మరక నేను ఈ కుర్చీలో చూడలేదు. అప్ప సందు చిటికెడు ఉండేది, ఇది అరచెయ్యంత ఉంది. మరి ఆ రోజు అన్ని బండ్లు నిలబడి చూశాయి.

దగ్గరికి లాగి చూశాను. ఖాళీ రోడ్డు. ఎవరూ లేరు. బండ్లు ఆ చోటికి వస్తున్నాయి, ఆగుతున్నాయి, కాసేపుండి కదులుతున్నాయి. మళ్లీ కొంతసేపటికి వచ్చే వరస కూడా అంతే. ఎంతసేపు ఆగుతున్నాయో అర్థం కాక నోట్లోనే పిలిచి చూసుకున్నాను. అప్పా, ఆగు. అప్పా, ఆగు. అప్పా, హైమనే. సరిగ్గా అంతే. పక్కసీటు అమ్మాయి ఏడుస్తున్నారా మేడమ్ అంది. జలుబన్నాను.

దివాకర్ గారు ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మీ అక్కగారి సంగతి తెలిసింది. చాలా బాధాకరం."

"అండీ."

"ఈ మరక తుడిచెయ్యండి. మీకు కష్టమైతే ఇంకొకరికి ఇస్తాను."

"నేనే తుడుస్తానండీ. కాస్త చూసి తుడుస్తాను."

అబద్ధం సులువుగా వచ్చింది. రోహిణికి ఏ పూటైనా నొప్పులు రావచ్చు. గేటు ఎత్తడానికి ఇంకా చాలా రోజులుంది. అంబులెన్సు రాదు. నిండుచూలాలిని ఆ మెట్లెక్కించలేం. ఆ పిల్లకి ఉన్న దారల్లా ఈ మరకే. తుడిస్తే అది కూడా లేదు.

కారణం గడిలో 'పరిశీలనలో ఉంది' అని రాశాను.


ఆషాఢం, బుధవారం. గానుగవీధి మలుపు. తుడవలేదు.

ఇది మర్నాడు పొద్దున్న రాస్తున్నాను. బుధవారం మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. "నొప్పులొచ్చీసినాయి" అని ఒక్క మాట అని పెట్టేశాడు.

నేను ఇక్కడ, వాళ్లు అక్కడ. నా తెర మీద మనుషులు తెల్లచుక్కలు. వీధిలోంచి చుక్కలు వచ్చి అంచున ఆగాయి. అప్ప సైకిలు వెనక సీటు మీద మెత్త వేసి రోహిణిని కూర్చోబెట్టారనీ, బావ హ్యాండిల్ పట్టుకున్నాడనీ, సన్యాసమ్మ వెనక నుంచి పట్టుకుందనీ తర్వాత విన్నాను. అప్పుడు నాకు తెలిసింది మూడు చుక్కలే.

బండ్లు వచ్చాయి. ఆగాయి. చుక్కలు కదల్లేదు. దిగండి దిగండి అని నేను ఆఫీసులో గొంతెత్తి అరిచాను, అందరూ తిరిగి చూశారు. ఆ పిల్లకి నొప్పి వచ్చి సైకిలు దిగబోయిందట. బండ్లు కదిలిపోయాయి. మళ్లీ వరస వచ్చేదాకా నేను తెర అంచు పట్టుకుని నిలబడ్డాను.

రెండోసారి ఆగాయి. చుక్కలు దిగాయి. మొదటి పిలుపు. నెమ్మదిగా పోతున్నాయి. రెండో పిలుపు. నడిరోడ్డు. మూడో పిలుపు అయ్యేసరికి అవతలి అంచుకి తగిలాయి. బండ్లు పారాయి. ఎవరూ ఎవర్నీ ఆపలేదు, ఎవరి మీదా కొత్త శిక్ష పడదు.

సాయంత్రానికి ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. వీధంతా సంతోషించింది. నేనూ సంతోషించాను, తర్వాత పైగదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. ఈ సందే ఆ రోజు ఉండి ఉంటే అప్ప ఆ మెట్లు ఎక్కేదే కాదు. అంత చిన్న సంగతి.


శ్రావణం, సోమవారం. గానుగవీధి మలుపు. తుడవలేదు.

ఈ సీటులో నాకిదే ఆఖరి రోజు. దివాకర్ గారు గుమాస్తా చేత కాగితం పంపలేదు, స్వయంగా వచ్చి చెప్పారు. నన్ను స్టోర్సుకి మార్చారు. రేపట్నుంచి ఇక్కడ ఇంకొకరు కూర్చుంటారు.

"మీరు తుడవలేరని నాకు అర్థమైంది. తప్పు పట్టను" అన్నారు. "కానీ ఊళ్లో ఇన్ని బండ్లు రోజూ ఎవరూ లేనిచోట ఆగుతుంటే, వాటిలో ఉన్నవాళ్లు అడుగుతారు కదా, ఎందుకాగామని."

"ఏం చెప్తారండీ?"

"అదే, చెప్పలేకపోతున్నాను" అని లేచి వెళ్లిపోయారు.

రేపు ఇక్కడ కూర్చోబోయేవాళ్లూ, మీరు గడులు చదవరని తెలుసు. అయినా రాస్తున్నాను. కారణం రాయమన్నారు, ఇదే నా కారణం.

ఈరోజు డ్యూటీకి వచ్చేముందు అప్ప సైకిలు తీశాను. బావ ఇప్పుడు పొద్దున వంట చేస్తున్నాడు. ఉప్పు ఎక్కువేస్తాడు, రోగులు ఏమీ అనడం లేదు. క్యారేజీలు ముందూ వెనకా తగిలించుకుని మలుపు దగ్గర అంచున నిలబడ్డాను. ఒక కాలు పెడల్ మీద, ఒక కాలు నేల మీద. నా వెనక ఇద్దరు ముసలివాళ్లు, కూరగాయల గంపతో ఒకామె.

బండ్లు వచ్చాయి. ఆగాయి. రొద పోయింది. దాటాలి. దాటకుండా, ఎందుకో నోరు తెరిచి పిలిచాను.

"అప్పా."

బండ్లు ఆగే ఉన్నాయి. మేమందరం పిలవడం ఎప్పుడో మానేశాం. మైల కూడా పోయింది, దినం కూడా అయింది. ఇవి మాత్రం ఇంకా జవాబు కోసం చూస్తున్నాయి. రెండోసారి పిలిచాను. మూడోసారి పిలిచాను. బండ్లు కదిలిపోయాయి, నేను అంచునే ఉండిపోయాను.

గంప ఆమె వెనక నుంచి నా వీపు తట్టింది.

"ఏటమ్మా, దాటవేటి? ఏడవకు. మల్లీ ఆగుతాయిలే."

కళ్లు తుడుచుకుని, మళ్లీ ఆగేదాకా నిలబడి, దాటాను. ఇవతలికి వచ్చేటప్పుడు కూడా ఆగాయి.

సాయంత్రం కూడా ఒక ట్రిప్పు ఉంది. రేపు పొద్దున్న ఇంకోటి ఉంది. సాయంత్రానికి ఆగుతాయని నాకు తెలుసు.